భోజనాల వేళ వచ్చిన మనిషి

మైక్రోస్కోపు ముందు కూర్చుని చేసే ఉద్యోగంలో ఒక సుఖం ఉంది, ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. కష్టం కూడా అదే. విజయవాడలో ఒక ధర్మాసుపత్రి మేడ మీద చివరి గదిలో ఇరవై ఆరేళ్ళు నేను ఆ రెండూ అనుభవించాను. ఆడవాళ్ళ గర్భసంచి ముఖద్వారం దగ్గర చిన్న చెక్కపుల్లతో గీసి, ఆ తడిని గాజుపలక మీద పూస్తారు. దానికి రంగులద్ది, కణాలు మామూలుగా ఉన్నాయా, దారి తప్పుతున్నాయా అని చూడటం నా పని. క్యాన్సర్ ఇంకా రాకముందే, వచ్చే దారిలో ఉండగానే పట్టుకోవచ్చు. పట్టుకుంటే మనిషి బతుకుతుంది. ఇంతకంటే లోతుకి వెళ్ళి మిమ్మల్ని విసిగించను.

ఈ పనిలో కొత్తగా చేరిన అమ్మాయిలు అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంటారు. "మీరు ఎన్ని కేసులు పట్టుకున్నారు మేడమ్?" అని అడుగుతారు. పట్టుకున్నవి చెప్పుకోవడానికి బాగానే ఉంటాయి, రిటైరైన వాళ్ళందరి దగ్గరా అలాంటి కథలు నాలుగైదు ఉంటాయి. నేను చెప్పదలచుకున్నది నా కళ్ళముందు నుంచి వెళ్ళిపోయిన ఒక మనిషి గురించి. ఆమె పేరు రాయను. పేరు విషయంలో ఆమెకి నేను చేసిన అన్యాయం ఒకటి ఉంది, అది ముందు ముందు మీకే తెలుస్తుంది.

తొంభైల్లో మాకు శనివారాలు క్యాంపులుండేవి. విజయవాడలో పెద్దింటి ఆడవాళ్ళ సంఘం ఒకటి మాకు వ్యాన్ ఇచ్చింది. వ్యాన్‌లో నలుగురం: డాక్టరమ్మ, నేను, ఆయమ్మ, డ్రైవరు. డాక్టరమ్మ చెయ్యి చాలా మెత్తన. భయపడి బిగుసుకుపోయిన మనిషిని కూడా వాళ్ళ గేదెల గురించీ కోడళ్ళ గురించీ అడిగి నవ్వించి పని ముగించేది. ఆయమ్మ టార్చిలైటు పట్టుకునేది. గంటల తరబడి నిలబడినా ఆవిడ చేతిలో వెలుగు వణికేది కాదు. రద్దీ ఎక్కువైతే డాక్టరమ్మ పక్క బల్ల దగ్గర నేను కూడా నమూనాలు తీసేదాన్ని. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, నాకూ తీయడం వచ్చు.

హనుమాన్ జంక్షన్ దాటి కాలవ గట్టున కొంతదూరం పోతే ఒక ఊరు. ఏటా సంక్రాంతి పండగ వెళ్ళిన వారం అక్కడ క్యాంపు. ఊళ్ళో ఒక పెద్ద రైతుగారి ఇంట్లో ముందు గదులు రెండూ మాకు ఇచ్చేవారు. పది గంటలకి మొదలు, ఒంటిగంటకి ఆఖరు. ఒంటిగంటకే ఎందుకంటే అప్పటికి భోజనాలు సిద్ధమయ్యేవి. నవ్వకండి, నిజంగా అంతే. ఆ ఇల్లాలు తెల్లవారుజామున లేచి మా నలుగురికీ వండించేది. నేను ముసల్మానునని తెలిసి, నాకోసమని కోడిని ప్రత్యేకంగా ఊళ్ళో సాయిబు చేత కోయించేది. అంత ఆదరంగా పిలిచాక, ఇంకో గంట పని ఉందండీ, తర్వాత తింటాం అని ఎవరనగలరు? మేమెవ్వరం అనలేదు. అన్నం చల్లారితే ఆవిడ మొహం చిన్నబోయేది.

వచ్చేవాళ్ళు కూడా బాగానే వచ్చేవాళ్ళు. రైతుల ఇళ్ళ ఆడవాళ్ళు, మేష్టర్ల భార్యలు, రైసుమిల్లు వాళ్ళ అక్కచెల్లెళ్ళు. తలంటుకుని, పూలు పెట్టుకుని, పేరంటానికి వచ్చినట్టు వచ్చేవాళ్ళు. వాళ్ళకి జబ్బు రాదని కాదు, వాళ్ళూ మనుషులే. కానీ నాలుగో ఏటికల్లా రిజిస్టర్లో పేర్లు చూడకుండానే కొన్ని పలకలు ఎవరివో చెప్పగలిగేదాన్ని. ప్రతి ఏడూ అవే శుభ్రమైన కణాలు. వ్యాన్ ఇచ్చిన సంఘం వాళ్ళు ఎంతమందిని చూశారని అడిగేవాళ్ళు, మేం అరవై అనేవాళ్ళం, వాళ్ళు సంతోషించేవాళ్ళు.

తిరిగి వచ్చేటప్పుడు వ్యాన్‌లో డాక్టరమ్మా నేనూ ఒకే చర్చ చేసేవాళ్ళం. కూలి ఆడవాళ్ళు ఎందుకు రారు? వాళ్ళకి అవగాహన లేదని ఆవిడ, సిగ్గూ భయమూ అని నేను. కరపత్రాలు వేయిద్దామనీ మైకు పెట్టిద్దామనీ అనుకునేవాళ్ళం. సగం ఇంగ్లీషులో నడిచేది ఆ సంభాషణ. ఆయమ్మ కిటికీలోంచి చేలవైపు చూస్తూ కూర్చునేది.

రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకి జరిగి వస్తుంది. ఆ ఏడు అది సరిగ్గా మా క్యాంపు రోజుల మీదికి వచ్చింది. ఒంటిగంటకి ఆపి సామాను సర్దేసరికి ఒకటిన్నర దాటింది, అందరూ లోపల భోజనాలకి కూర్చున్నారు. రోజా ఉన్నదాన్ని, వంటల వాసన మధ్య కూర్చోవడం ఇష్టంలేక వీధి అరుగు మీదికి వచ్చి స్తంభానికి ఆనుకున్నాను. అన్నేళ్ళుగా ఆ ఊరు వస్తున్నా ఆ వేళప్పుడు ఆ వీధి ఎలా ఉంటుందో నేను చూడటం అదే మొదటిసారి.

రెండు దాటుతుండగా కాలవ గట్టు మీద నుంచి నలుగురు ఆడవాళ్ళు వచ్చారు. దాళ్వాకి, అంటే రెండో పంటకి, నాట్లు వేసి వస్తున్నారు. మోకాళ్ళదాకా బురద. పాదాలు మాత్రం కాలవలో కడుక్కున్నట్టున్నారు, అవి తెల్లగా నానిపోయి ఉన్నాయి. గేటు అవతలే ఆగారు.

"అయిపోయిందాండీ?" అంది ముందున్నావిడ.

"ఒంటిగంటకే అయిపోయింది. పదింటికే రావాల్సింది" అన్నాను.

"పదింటికి చేలో ఉన్నామండి."

"సరే, వచ్చే ఏడు రండి."

ముగ్గురు వెళ్ళిపోయారు. ముందున్నావిడ వెళ్ళలేదు. నలభై ఏళ్ళుంటాయేమో. ఎడమ చెవికి కమ్మ లేదు, ఆ బెజ్జంలో చీపురుపుల్ల ముక్క ఉంది. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అంది:

"బయటుండే రోజులు కాకపోయినా ఎర్రగా కనపడతా ఉందండి. ఒక్కసారి చూస్తారేమోనని."

ఈ మాట వినగానే ఏం చేయాలో ఆ ఆసుపత్రిలో గేటు దగ్గర వాచ్‌మన్‌కి కూడా తెలుసు. నాకు తల నొప్పిగా ఉంది. సామాను పెట్టెల్లో సర్దేశాం. పొద్దుగూకేలోపు ఇల్లు చేరి రోజా విడవాలని తొందరగా ఉంది. ఇంట్లో నాకోసం ఎదురుచూసే మనిషి ఎవరూ లేరు. గవర్నర్‌పేటలో బట్టల కొట్టు మీద ఒంటరి గది, అమ్మ పోయాక పదకొండేళ్ళుగా నేనే తాళం వేసి నేనే తీసుకునేదాన్ని. అయినా తొందర తొందరే.

"డాక్టరుగారు భోజనం చేస్తున్నారు. సోమవారం విజయవాడ ఆసుపత్రికి రా" అన్నాను.

"సోమారం కూడా నాట్లేనండి."

నా నోరు మంచిది కాదు. "ప్రాణం ఎక్కువా, నాట్లెక్కువా?" అన్నాను.

ఆమె నవ్వింది. "అట్టాగేనండి" అని కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది.

వ్యాన్ బయలుదేరాక ఆయమ్మ మొట్టమొదటిసారి మా చర్చలోకి వచ్చింది. "ఇంకో అరగంట ఉంటే ఆ నలుగురినీ చూసేవాళ్ళం కదమ్మగారూ" అంది. ఆవిడ లోపల్నుంచి అంతా చూసిందన్నమాట.

"పొద్దున్నే ఎందుకు రారు వాళ్ళు?" అన్నాను కొంచెం విసుగ్గానే.

"ఆరింటికి చేలో దిగితే రెండింటికి గాని గట్టెక్కరమ్మా. గుత్త నాట్లు, ఎకరానికింతని ముఠాకంతా కలిపి కూలి. ముఠాలో ఒక మనిషి మధ్యలో లేచి వస్తే ఆవిడ వరస పక్కవాళ్ళ మీద పడద్ది. మర్నాటి నుంచి ముఠాలో పెట్టుకోరు. మా అక్కా వాళ్ళూ చేసేది ఇదే పని."

"మరి ఇన్నేళ్ళూ ఈ సంగతి మాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"మీరిద్దరూ ఇంగ్లీషులో మాట్లాడుకుంటుంటే మధ్యలో నేనేం చెప్పనమ్మా?" అంది ఆయమ్మ. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

సోమవారం పొద్దున్నే ఓపీ గుమాస్తా దగ్గరికి వెళ్ళి, నాట్లు వేసే ఆవిడ ఒకామె వస్తుంది, నేరుగా పైకి పంపించండి అన్నాను. ఆయన పెన్ను తీసి "పేరేంటి మేడమ్?" అన్నాడు. నాకు తెలియదు. అరవై మంది పేర్లు, వాళ్ళ భర్తల పేర్లు, ఇంటి నంబర్లు గుండ్రటి అక్షరాలతో రాసుకున్న నేను ఆవిడ పేరు అడగలేదు. "ఎడంచెవికి చీపురుపుల్ల ఉంటుంది" అన్నాను. ఆయన పెన్ను మూసేశాడు.

ఆమె సోమవారం రాలేదు, ఆ వారమంతా రాలేదు. పెట్టె సర్దుతుంటే క్యాంపులో వాడకుండా మిగిలిన గాజుపలకలు రెండు కనపడ్డాయి. ఆరోజు అరుగు మీద నేను మాట్లాడుతున్నప్పుడు అవి నా చేతిసంచీలోనే ఉన్నాయి. అప్పటి నుంచి మైక్రోస్కోపు ముందు కూర్చుంటే మనసు నిలవడం మానేసింది. చెప్పుకుందామంటే ఆ గదిలో వినేవాళ్ళెవరు? ఈద్ రోజున సేమ్యా వండి కింద కొట్టువాళ్ళకి పంపి, మిగిలింది గిన్నెలోనే తింటూ నిర్ణయించుకున్నాను. మర్నాడు సెలవు పెట్టి హనుమాన్ జంక్షన్ బస్సెక్కాను.

రైతుగారి ఇల్లాలు నన్ను చూసి ఆశ్చర్యపోయింది. "ఒక్కరే వచ్చారేంటమ్మా? ఏం తినకుండా వెళ్ళడానికి వీల్లేదు" అంది. విషయం చెబితే, ఆ ముఠా ఊరివాళ్ళు కాదనీ, మైలవరం అవతల మెట్ట ఊళ్ళ నుంచి ఏటా నాట్లకి వస్తారనీ, పని అయిపోయి నాలుగు రోజుల క్రితమే వెళ్ళిపోయారనీ చెప్పింది. మేస్త్రి ఊరి పేరు కనుక్కుని కాగితం మీద రాయించి ఇచ్చింది. మంచి మనిషి. ఆవిడ మంచితనం గురించి నాకు అప్పుడూ ఇప్పుడూ అనుమానం లేదు.

ఆదివారం మైలవరం బయలుదేరబోతుంటే బస్టాండులో ఆయమ్మ కనపడింది. నేను ఊరికే చెప్పిన మాట పట్టుకుని వచ్చేసింది. "మీరొక్కరే వెళ్తే టార్చి ఎవరు పట్టుకుంటారు?" అంది. మైలవరంలో దిగి, ఆటోలో కొంతదూరం, మామిడితోటల మధ్య నడక కొంతదూరం. ఊళ్ళో చీపురుపుల్ల గుర్తు చెప్పగానే పిల్లలు ఇల్లు చూపించారు. ఆమె చూరు కింద కూర్చుని కందులు చెరుగుతోంది. నన్ను చూసి చేట పక్కన పెట్టి లేచి నిలబడింది.

"మీరా అమ్మా! సోమారం రాలేకపోయానండి" అంది, తప్పు తనదే అయినట్టు.

ఈసారి ముందు పేరు అడిగాను. తలుపు వేసి, నులకమంచం మీద పడుకోబెట్టి, ఆయమ్మ వెలుగు పట్టుకుంటే నమూనా తీశాను. పని అంతా కలిపి పట్టుమని పది నిమిషాలు పట్టలేదు. ఆ పది నిమిషాలు తప్పించుకోవడానికే ఆ రోజు అరుగు మీద తొందర చూపించాను.

పలక మీద రంగు ఆరగానే మైక్రోస్కోపు కింద పెట్టాను. వెతకాల్సిన పని లేకపోయింది. పెద్దపెద్ద నల్లటి కేంద్రకాలు, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. అప్పటిదాకా అలాంటివి చూస్తే మనసులో ఏదో మూల పట్టుకున్నామన్న తృప్తి కలిగేది. ఆ రోజు కళ్ళద్దాలు తీసి బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఆ గదికి ఎవరూ రారు కాబట్టి ఎంతసేపైనా ఏడవొచ్చు.

ఆమెని పిలిపించాం. డాక్టరమ్మ పరీక్ష చేసి బయటికి వచ్చి, ఆపరేషన్ దశ దాటిపోయింది, కరెంటు పెట్టాల్సిందే, అంటే రేడియేషన్, ఆరు వారాలు అంది. ఉచితంగా చేయించే కాగితాల మీద ఆవిడే సంతకాలు పెట్టించుకొచ్చింది. తర్వాత వరండాలో నా పక్కన నిలబడి, "ఆ రోజు నన్ను పిలవాల్సింది. చెయ్యి కడుక్కుని వచ్చేదాన్ని కదా" అంది. నిజంగా వచ్చేదే. అది నాకు అంతకుముందే తెలుసు.

వార్డులో మంచాలు ఖాళీ లేవు. రోజూ మైలవరం అవతల నుంచి వచ్చిపోవడం అయ్యేపని కాదు. నా గదికి తీసుకొచ్చాను. మంచం మీద పడుకోమంటే పడుకోలేదు, చాప వేసుకుంది. "మీ గిన్నెల్లో నేను వండొచ్చాండీ?" అని అడిగింది. వండొచ్చన్నాను. మొదటి వారం నేనే ఆసుపత్రి నుంచి దారి తప్పినట్టు అటూ ఇటూ తిరిగి ఆలస్యంగా వచ్చేదాన్ని. గదిలో ఇంకో మనిషితో కలిసి ఎలా ఉండాలో మర్చిపోయాను. రెండో వారానికల్లా మెట్లెక్కుతుండగానే లోపల్నుంచి "వచ్చారా అమ్మా" అని వినపడేది. ఆ మాట కోసం ఆసుపత్రిలో ఐదు ఎప్పుడవుతుందా అని చూసేదాన్ని. ఆమె జబ్బు వల్ల నాకు దొరికిన తోడు అది, అందుకని సంతోషపడ్డప్పుడల్లా సిగ్గుగా ఉండేది. కరెంటు పెట్టే కొద్దీ ఆమెకి అన్నం సయించడం మానేసింది. నాకు మాత్రం రెండు కూరలు చేసి పెట్టేది.

ఈలోగా క్యాంపు వేళలు మార్చమని పోట్లాడి, రెండు గంటల నుంచి పెట్టించాను. డాక్టరమ్మ ఒప్పుకుంది. మేం అన్నం డబ్బాలు తెచ్చుకుని వ్యాన్‌లో తినేవాళ్ళం, రైతుల ఇళ్ళల్లో నొచ్చుకున్నారు. మొదటి మధ్యాహ్నం క్యాంపుకి పదకొండు మంది వచ్చారు. నేను చెయ్యి ఊపగానే ముఠాలు ముఠాలుగా వచ్చేస్తారని ఊహించుకున్నాను, అదీ నా తెలివి. బురద కాళ్ళతో ఆ గచ్చు మీదికి ఎలా వస్తామండీ అని చాలామంది గేటు దగ్గరే ఆగిపోయారు. అప్పుడు బల్లలు పశువుల కొట్టంలోకి మార్చాం, వచ్చారు. అయినా ఎప్పుడూ అరవై కాలేదు. వ్యాన్ ఇచ్చిన సంఘం వాళ్ళు రెండేళ్ళు చూసి, మీరు పని తగ్గించేశారని వ్యాన్ ఆపేశారు. తర్వాత ఆయమ్మా నేనూ బస్సుల్లో వెళ్ళాం. ఆవిడ రిటైరయ్యాక నేనొక్కదాన్నే వెళ్ళాను, టార్చి ఆ ఊళ్ళో ఎవరో ఒకరు పట్టుకునేవాళ్ళు. వాళ్ళ చేతుల్లో వెలుగు వణికేది.

నా గదిలో ఉండి వెళ్ళిన ఆమె, కరెంటు అయ్యాక ఇంకో రెండు దాళ్వాలు చూసింది. మొదటిసారి ముఠాతో వచ్చి గట్టు మీద కూర్చుని నారు కట్టలు అందించింది. రెండోసారి తన ఊళ్ళోనే ఉండిపోయి, ముఠాలో ఆడవాళ్ళందరినీ నా దగ్గరికి పంపించింది. మూడో ఏడు ముఠా వచ్చినప్పుడు వాళ్ళలో ఒకావిడ నమూనా ఇచ్చి లేస్తూ, "మా వదిన వానాకాలంలో పోయిందండి, మీకు చెప్పమంది" అంది. ఇంకా పదిమంది బయట నిలబడి ఉన్నారు. పలక మీద నంబరు రాసి, తర్వాతి మనిషిని పిలిచాను.

ఫోన్ చేసే అమ్మాయిలకి నేను చెప్పని సంగతి ఒక్కటి ఉంది. ఆరో వారంలో ఒక శనివారం. క్యాంపు లేదు, ఆమెకి కరెంటు లేదు. చింతచిగురు పప్పు వండి రెండింటికి నాకు వడ్డించింది. తను తినలేక ఊరికే ఎదురుగా కూర్చుంది. రిపోర్టులో కొన్ని నెలలుగా అని రాసి ఉంటే, మాట వరసకి అడిగాను, అసలు ఎర్రగా కనపడటం ఎప్పుడు మొదలైందని.

"అంతకుముందు ఏడు నాట్లప్పటి నుంచే అమ్మా" అంది. "అప్పుడు కూడా వచ్చాను."

"ఎక్కడికి?"

"ఆ ఇంటికేనండి. మీరు లోపల భోంచేస్తా ఉన్నారు. కిటికీలోంచి కనపడ్డారు, మీరే, కళ్ళద్దాలు పెట్టుకుని. డాక్టరమ్మగారు ఏదో అంటే నవ్వుతా ఉన్నారు. వాకిట్లో పనావిడ, తినేవాళ్ళని పిలవకూడదు, పొమ్మంది. నిజమే కదమ్మా, అన్నం ముందు కూర్చున్నోళ్ళని ఎట్టా లేపుతాం?"

ఏడాది. ఒక ఏడాది ముందు తీసి ఉంటే ఆ పలక మీద ఏం కనపడి ఉండేదో నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. ఆనాటి భోజనం గుర్తు తెచ్చుకున్నాను. అంతా గుర్తొచ్చింది. గోంగూర, సాయిబు కోసిన కోడి, గడ్డపెరుగు, డాక్టరమ్మ వాళ్ళ ఆడపడుచు గురించి చెప్పిన జోకు. కిటికీ అవతల ఎవరైనా నిలబడ్డారా అంటే మాత్రం ఏమీ గుర్తుకు రాలేదు.

చెయ్యి కంచంలో ఆగిపోయింది. ఆమె పప్పు గిన్నె దగ్గరికి జరిపి ఇంకో గరిటె వేసింది.

"తినండమ్మా, చల్లారిపోతా ఉంది" అంది.

ఆమె చూస్తుండగా, కంచం ఖాళీ అయ్యేదాకా తిన్నాను.